కీళ్లనొప్పియు మనస్సును



వ్యాధులలో రెండు తెగలు కలవు. కొన్ని వచ్చి పోవును. కొన్ని వచ్చి మనతో కాపురము చేయును. జ్వరము వచ్చినప్పుడు ఇల్లంతయు రోగి మంచము చుట్టు చేరును. ఒకరు గంజి కాచి యిత్తురు, ఒకరు నుదురు తాకి చూతురు. పది దినములలో జ్వరము తగ్గును. ఇల్లు మరల తన పనిలో పడును. కీళ్లనొప్పి యట్టిది కాదు. మొదటి నెలలో అందరును పరామర్శింతురు. ఆరవ నెలలో ఒకరిద్దరు అడుగుదురు. రెండవ సంవత్సరమున ఎవ్వరును అడుగరు. నొప్పి మాత్రము మొదటి దినమున నున్నట్లే యుండును. ఆ నొప్పికిని మనస్సునకును గల సంబంధమేమి, దానిని తెలిసికొనుటవలన రోగికిని ఇంటివారికిని కలుగు మేలేమి యను విషయమును ఈ నెల ముచ్చటించుకొందము.

పూర్వపు కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలు 2016 వ సంవత్సరము అక్టోబరు నెలలో పెక్కు జిల్లాలుగ విడిపోయినవి. ఎల్లలు మారినవి గాని స్త్రీల పనులు మారలేదు. ఎండకాలమున ఆదిలాబాదు అడవులలో తునికాకు కోయువారిలో స్త్రీలు పెక్కురు. వానకాలమున బురదలో నడుము వంచి నాట్లు వేయువారును, తరువాత ప్రత్తి యేరువారును వారే. అట్టి తునికాకే కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతముల యిండ్లలో బీడీలగుచున్నది. చాట ఒడిలో నుంచుకొని, కాళ్లు ముడిచి నేలపై గూర్చుండి, ఉదయము మొదలు దీపాలవేళ వరకు స్త్రీలు బీడీలు చుట్టుదురు. ఆకు కత్తిరించుట, పొగాకు పోసి చుట్టుట, మూతి ముడుచుట, దారము కట్టుట అను పనులన్నియు అవే నాలుగు వ్రేళ్లు దినమునకు వందలకొలది మారులు చేయవలెను. కూలి, వేయి బీడీలకు ఇంత యని యిత్తురు గాని, గడియకు ఇంత యని యీయరు. కావున నొప్పిచే వ్రేలు ఆగినప్పుడు వ్రేలొక్కటియే ఆగదు. ఆ దినపు కూలి ఆగును. పిల్లవాని ఫీజు, సంఘపు అప్పు కిస్తీ కన్నులముందు నిలుచును. నొప్పిలోనికి భయము ప్రవేశించు ద్వారము ఇదియే.

ముందు వ్యాధినిగూర్చి రెండు మాటలు. కీళ్లనొప్పులన్నియు ఒక్కటి కావు. వయస్సు మీరినవారికి, బరువు హెచ్చినవారికి, ఏండ్ల తరబడి గొంతుకూర్చుండి పని చేసినవారికి మోకాలి కీలులోని మృదువైన ఎముక అరుగుట హెచ్చుగ కనుపించును. 2019 లో లోకమునందు 52 కోట్ల 80 లక్షలమంది ఇట్టి అరుగుదల వ్యాధితో నుండిరనియు, వారిలో నూటికి 60 మంది స్త్రీలేయనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది. రెండవది రుమటాయిడ్ వాతము. మన శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే దారి తప్పి కీళ్లలోని పొరలపై పడుటవలన ఇది కలుగును. ఇది పని వలన వచ్చునది కాదు, పడుచువారికిని వచ్చును, ఈ రోగులలో నూటికి సుమారు 70 మంది స్త్రీలే. మూడవది చికున్‌గున్యా జ్వరము వెనుక మిగిలిపోవు నొప్పి. 2005 వ సంవత్సరాంతమున ఈ జ్వరము మన దేశమున మరల తలయెత్తి, 2006 లో 13 లక్షలమందికి పైగా సోకినట్లు లెక్కకు వచ్చెను. ఆ పేరు తూర్పు ఆఫ్రికాలోని మకొండే భాషనుండి వచ్చినది. వంగిపోవుట యని దాని భావము. ఆ జ్వరము వారము దినములలో తగ్గినను, కొందరిని నెలలు, మరికొందరిని ఏండ్లు వంచియే యుంచును.

ఇక మనస్సు మాట. నొప్పి యనునది కీలులో పుట్టి, తీగవెంట వచ్చు వార్తవలె మార్పులేక మెదడునకు చేరునని మనము తలంతుము. అది నిజమైనచో కీలు ఎంత చెడినదో నొప్పి యంతయే యుండవలెను. కాని యట్లుండుట లేదు. ఎక్స్‌రేలో మోకాలు మిక్కిలి అరిగినట్లు కనబడినను కొందరు సుఖముగ నడచుచుందురు. కొద్దిగ అరిగినవారు కొందరు లేవజాలక యుందురు. 1965 లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అను శాస్త్రజ్ఞులు దీనికొక సమాధానము చెప్పిరి. వెన్నుపామునందు ఒక వాకిలి వంటి యేర్పాటు కలదనియు, క్రిందినుండి వచ్చు నొప్పివార్తను అది కొంత ఆపి కొంత వదలుననియు, మెదడునుండి దిగివచ్చు ఆజ్ఞలు ఆ వాకిలిని తెరచుటయు మూయుటయు కలదనియు వారి సిద్ధాంతము. అందలి వివరములు కొన్ని తరువాత సవరింపబడినను, మెదడు నొప్పిని హెచ్చించుటయు తగ్గించుటయు చేయునను మాట నిలిచినది. భయము, దుఃఖము, నిద్రలేమి, ఎల్లప్పుడు నొప్పినే కనిపెట్టుకొని యుండుట ఆ వాకిలిని తెరచును. ధైర్యము, నిద్ర, తోడు, మనస్సు లగ్నమగు పని దానిని కొంత మూయును.

దీనికి యుద్ధభూమినుండి ఒక సాక్ష్యము కలదు. రెండవ ప్రపంచయుద్ధమున హెన్రీ బీచర్ అను అమెరికా వైద్యుడు తీవ్రముగ గాయపడిన సైనికులను నొప్పిమందు కావలెనా యని యడిగెను. నలుగురిలో ముగ్గురు అక్కరలేదనిరి. ఈ సంగతిని ఆయన 1946 లో ప్రకటించెను. తరువాత పట్టణపు ఆసుపత్రిలో శస్త్రచికిత్స పొందిన సామాన్యులను విచారింపగా, వారిలో అధికసంఖ్యాకులు మందు కోరిరి. సైనికునికి గాయమనగా యుద్ధమునుండి విడుదల, ప్రాణములతో ఇల్లు చేరుట. గృహస్థునకు శస్త్రచికిత్స యనగా ఆపద, ఖర్చు, జీవనమునకు భంగము. శరీరము కోతపడుట ఇద్దరికి నొక్కటే. దాని యర్థము వేరు. కావున బాధయు వేరయ్యెనని ఆయన తలంచెను. బీడీలు చుట్టు స్త్రీకి వ్రేలినొప్పి యనగా నేమో ఇప్పుడు తలంచుకొనుడు. ఆమెకది విడుదల కాదు. రేపటి కూలి పోవుట.

ఇక్కడ ఒక యపాయము కలదు; దానిని ముందే తొలగింపవలెను. మనస్సునకును నొప్పికిని సంబంధము కలదని చెప్పగనే, కొందరి యిండ్లలో దానిని విపరీతముగ గ్రహింతురు. “డాక్టరే చెప్పిండు, అంతా మనసులనే ఉన్నదట, ఇదంతా నకరాలే” యని వంటయింటిలో మాట పుట్టును. ఇంతకన్న అన్యాయము లేదు. నొప్పినిగూర్చి పరిశోధించు అంతర్జాతీయ సంఘమువారు 2020 లో తమ నిర్వచనమును సవరించుచు, నొప్పి యెల్లప్పుడును అనుభవించువారి సొంత యనుభవమనియు, శరీరము, మనస్సు, సంఘము అను మూడును దానిపై పనిచేయుననియు, నొప్పి యున్నదని యొకరు చెప్పినప్పుడు ఆ మాటను గౌరవింపవలెననియు స్పష్టపరచిరి. మెదడు హెచ్చించిన నొప్పి అబద్ధపు నొప్పి కాదు. అది నిజముగ హెచ్చిన నొప్పి. గాలి విసరుటచే మంట పెరిగినంతమాత్రమున నిప్పు లేదనగలమా?

మనస్సులో నొప్పికి గాలి విసరునవి యేవియో చూతము.

మొదటిది భయము. కదలినచో కీలు మరింత అరుగునని తలంచి కొందరు కదలుటయే మానివేయుదురు. కదలని కాలికి కండ తగ్గును. కండ తగ్గిన మోకాలిపై భారము హెచ్చును. భారము హెచ్చగా నొప్పి హెచ్చును. నొప్పి హెచ్చగా భయము హెచ్చును. ఈ చక్రమునుండి బయటపడు దారి కొద్దికొద్దిగ కదలుటయే. నెమ్మదిగ నడచుట, కుర్చీలో గూర్చుండి కాలు చాచి యెత్తుట వంటివి మోకాలికి మేలు చేయును గాని హాని చేయవు.

రెండవది, దీనికి ఎదురుగ నుండు తొందర. నొప్పి తగ్గిన దినమున మన యిల్లాలు ఊరకుండునా? వారము దినములుగ మిగిలిన పనియంతయు, ఇల్లలుకుట, బొంతలు ఉతుకుట, అటుక దులుపుట, ఆ యొక్క పూటలో ముగించును. తరువాత మూడు దినములు మంచము పట్టును. నొప్పి చెప్పినప్పుడు ఆగుట, నొప్పి విడిచినప్పుడు పరుగెత్తుట అను పద్ధతిని మానుకొని, గడియారమునుబట్టి పనిచేయుట మేలు. సుఖముగ నున్న దినమునను మితముగ చేయవలెను. బాధగ నున్న దినమునను కొంచెమైన చేయవలెను. చాట ముందు గూర్చున్నవారు కొన్ని కట్టలు ముగియగనే లేచి, వాకిలి వరకు నడచి, వ్రేళ్లు చాచి ముడిచి, మరల గూర్చుండవచ్చును. ఇందువలన పది బీడీలు తగ్గవచ్చును. కాని మూడు దినముల కూలి పోవుటకన్న ఇది లాభమే.

మూడవది అపరాధభావము. “ఏ జన్మల చేసిన పాపమో” యని కొందరును, “ఇంటికి బరువైతిని” యని కొందరును లోలోన కుందుదురు. రుమటాయిడ్ వాతము శరీరపు రక్షణశక్తి చేయు పొరపాటు. అరుగుదల ఏండ్ల చాకిరీకి శరీరము చెల్లించిన మూల్యము. ఇందులో శిక్షయు లేదు, సిగ్గును లేదు. నలుబదియేండ్లు ఇంటిని మోసిన మోకాళ్లు ఇప్పుడు ఒకింత ఆసరా కోరినచో, అది బరువగుట కాదు, బాకీ యడుగుట.

నాలుగవది ఒంటరితనము. దీనిని బతుకమ్మ పండుగనాడు చూడవలెను. ఎంగిలిపూల నాటినుండి సద్దుల నాటి వరకు తొమ్మిది దినములు ఊరి స్త్రీలందరు పూల చుట్టు తిరుగుచు, వంగి లేచుచు, చప్పట్లు కొట్టుచు నాడుదురు. మోకాళ్ల నొప్పి గల స్త్రీ మొదటి సంవత్సరము కొంతసేపు తిరిగి కూర్చుండును. రెండవ సంవత్సరము అరుగుమీదనుండి చూచును. మూడవ సంవత్సరము ఇల్లు కాచుటకు మిగిలిపోవును. ఆమెకు పోయినది ఆట మాత్రమే కాదు. పదిమందిలో తనకుండిన చోటు. కాని బతుకమ్మలో ఒకరు పాట యెత్తి యిచ్చుటయు, మిగిలినవారు అందుకొనుటయు కలదు గదా! పాట యెత్తుటకు మోకాళ్లతో పనిలేదు. నడుమ ఒక పీట వేసి ఆమెను గూర్చుండబెట్టి పాట ఆమెచేత ఎత్తించినచో, ఆ చోటు ఆమెకు దక్కును. ప్రతి పనిలోను ఇట్లే, చేయలేని భాగమును విడిచి చేయగల భాగమును వెదకి పట్టుకొనుట అలవరచుకొనవలెను.

ఐదవది నిద్రలేమి. రాత్రి నిద్ర చెడినచో మరుసటి దినమున నొప్పి హెచ్చుగ తోచును. నొప్పిచే ఆ రాత్రియు నిద్ర చెడును. పడుకొను వేళయు లేచు వేళయు నియమముగ నుంచుట, సాయంకాలము తరువాత చాయ మానుట, పడుకొనుటకు ముందు సెల్‌ఫోను దూరముగ నుంచుట, గోరువెచ్చని నీటి కాపడము మేలు చేయును.

ఇక ఇంటివారు చేయవలసినదేమి? మొదటిది నమ్ముట. ఉదయము లేవగనే వ్రేళ్లు బిగిసి చెంబు పట్టుకొనలేని కోడలు, పది గంటలకు చక్కగ పనిచేయుచున్నచో, ప్రొద్దున నటించెనని తలంపరాదు. ప్రొద్దుటి బిగువు రుమటాయిడ్ వాతమునకు ముఖ్యలక్షణము. ప్రొద్దెక్కినకొలది అది సడలును. రెండవది అడుగుట. “ఎట్లున్నదే బిడ్డా, రాత్రి నిద్ర పట్టిందా?” అను అత్తమాట మందుసీసాలో దొరకదు. మూడవది పని పంచుకొనుట. కాని ఇందును ఒక హద్దు కలదు. ప్రేమచేత ఆమె చేతిలోని ప్రతిపనియు లాగికొని, “నువ్వు కూసో, నీకేం చాతగాదు” అనుటయు హానియే. చేతకాదను మాట నిత్యము వినువారికి నిజముగనే చేతకాకుండ పోవును. బిందె యెత్తుట, రోలు కదలించుట మగవారికి వదలి, కూరగాయలు తరుగుట, లెక్క చూచుట, పిల్లలచేత చదివించుట ఆమెకు విడువుడు. ఏ పని తనకో ఆమెయే నిర్ణయించుకొనుట ఉత్తమము.

ఇట్టి ధైర్యము నేర్పవచ్చునా యని సందేహము కలుగును. నేర్పవచ్చును. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున కేట్ లోరిగ్ అను విదుషి కీళ్లవ్యాధిగలవారి కొరకు ఒక పాఠక్రమము నేర్పరచెను. వారమునకు రెండుగంటల చొప్పున ఆరు వారములు పదిమంది కూడుదురు. నడిపించువారు వైద్యులు కారు. సామాన్యులే, వారిలో పలువురు అదే వ్యాధిగలవారే. వ్యాయామము, విశ్రాంతి, వైద్యునితో మాటలాడు తీరు, వారమునకొక చిన్న నిశ్చయము, అది నెరవేరినదా లేదా యని చెప్పుకొనుట: ఇంతే. నాలుగేండ్ల తరువాత విచారించి 1993 లో ప్రకటించిన ఫలితములు మిక్కిలి చిత్రమైనవి. ఆ రోగుల శరీరపు అశక్తత నూటికి 9 పాళ్లు పెరిగియుండెను; అయినను నొప్పి నూటికి 20 పాళ్లు తగ్గెను; వైద్యులయొద్దకు పోవుట నూటికి 40 పాళ్లు తగ్గెను. వ్యాధి ముందునకే నడచినది. బాధ వెనుకకు నడచినది! కారణము విచారింపగా, ఎవరెంత వ్యాయామము చేసిరను దానికన్న, ‘దీనిని నేను సంబాళించుకొనగలను’ అను నమ్మకము ఎవరికెంత పెరిగెనను దానితోనే మేలు హెచ్చుగ ముడిపడియుండెను.

దీనికి మన పల్లెలలో క్రొత్తగ భవనములు కట్టనక్కరలేదు. పొదుపు లెక్కలకై కూడు మహిళాసంఘములు ఊరూర కలవు. ఆ సమావేశము ముగిసిన పిదప కీళ్లనొప్పులుగల నలుగురైదుగురు మరి అరగంట కూర్చుండి, గతవారము ఏమి చేయగలిగితిమి, ఈ వారము ఏ చిన్నపని తలపెట్టెదము అని చెప్పుకొనవచ్చును. “వారమున మూడు దినములు బావి వరకు నడచెదను” అను నిశ్చయము చాలును. తనవంటి బాధయే కలిగిన మరియొక స్త్రీ మాట కలిగించు ధైర్యము వేరు.

అయితే మనోధైర్యము మందునకు బదులు కాదు. చేతుల చిన్నకీళ్లు వాచి, ప్రొద్దుట అరగంటకు పైగా బిగిసియుండి, ఇట్లు ఆరువారములు సాగినచో ఆలస్యము చేయక పెద్దాసుపత్రిలో చూపించుకొనవలెను. తొలినెలలలో మందు మొదలిడినచో కీళ్లు వంకరపోకుండ కాపాడుకొనవచ్చును. ఆదిలాబాదులో 2008 నుండి రిమ్స్ వైద్యకళాశాల కలదు. మంచిర్యాల, జగిత్యాల, రామగుండములలో 2022 లో ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. ఈ వాతమునకు వాడు మెథోట్రెక్సేట్ వంటి మందు వారమునకు ఒక్కసారి మాత్రమే వాడునది. దాని గుణము కనుపించుటకు ఆరు మొదలు పండ్రెండు వారములు పట్టును. ఈ సంగతి తెలియక, పదిదినములకే నిరాశపడి మానినవారు నష్టపోవుదురు. పేరు తెలియని పొట్లపుమాత్రలచే ఒక్కపూటలో నొప్పి మాయమైనచో సంతోషింపక అనుమానింపుడు. అందు స్టెరాయిడు కలిసియుండవచ్చును. వైద్యుని కనుసన్నలలో లేక చిరకాలము వాడిన స్టెరాయిడు ఎముకలను గుల్లచేయును, చక్కెరవ్యాధిని పెంచును. నొప్పిమాత్రలను ఇచ్చవచ్చినట్లు మ్రింగుట మూత్రపిండములకును కడుపునకును కీడు.

మరియొక మాట. రుమటాయిడ్ వాతము గలవారిలో సుమారు ఆరుగురిలో ఒకరు తీవ్రమైన మనోవ్యాకులతకు లోనగుదురని, పెక్కు పరిశోధనలను కూర్చి 2013 లో నిర్ణయించిరి. రెండువారములకు పైగా దేనియందును ఇచ్చ లేకుండుట, అన్నము హితవు కాకుండుట, నిష్కారణముగ ఏడుపు వచ్చుట, బ్రదుకు వలదని తోచుట కనుపించినచో, అది స్వభావదోషము కాదు. అదియు ఒక వ్యాధియే, దానికిని చికిత్స కలదు. కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరు 10 వ తేదీన ప్రారంభించిన టెలి మానస్ అను ఏర్పాటునకు 14416 సంఖ్యకు ఫోను చేసినచో, రుసుము లేకుండ తెలుగులోనే మాటలాడవచ్చును. బ్రదుకు వలదను మాట ఇంట ఎవరి నోటనైన వినవచ్చినచో ఆమెను ఒంటరిగ విడువక, ఆ దినమే వైద్యునికి చూపవలెను.

సోదరీమణులారా! నొప్పిని పూర్తిగ పోగొట్టుదుమని పలుకువారు పెక్కురు. వారి మాట నమ్మి ధనము పోగొట్టుకొనకుడు. అరిగిన కీలు మరల పుట్టదు. కాని కీలునకును బాధకును నడుమ ఒక వాకిలి కలదు. దానిని కొంత మూయుటకు మందు కావలెను, కొంత మూయుటకు ధైర్యము కావలెను, మిగిలినది ఇంటివారి చేతిలో నున్నది. నేడు మీ యింట అడుగుట మానివేసిన నొప్పి ఎవరిదైన నున్నచో, ఈ రాత్రి భోజనములకు ముందు ఒక్కమారు అడిగి, ఆమె చెప్పునంతసేపు వినుడు.